తడి గోడ, ఆరిన గోడ: విటమిన్ సి మొక్కకు ఏం చేస్తుంది?

ఒడిశాలోని గుణుపురం కానీ, కాశీనగరం కానీ, పర్లాకిమిడి కానీ, ఏ తెలుగింట్లో వంకాయ తరిగినా కత్తిపీట పక్కన ఉప్పు వేసిన నీళ్ల గిన్నె ఒకటి ఉంటుంది. ముక్క తెగీ తెగగానే అందులో పడాలి. మాటల్లో పడి మరిచిపోతే అంచు మొదట ఇటుక రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత నలుపే. ఉప్పునీళ్లలో ఒక నిమ్మచెక్క కూడా పిండేవాళ్లు ఉన్నారు.

ఆ నలుపు కుళ్లు కాదు. వంకాయ గుజ్జులో క్లోరోజెనిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. దాన్ని ఆక్సీకరించే ఎంజైమ్ అదే కణంలో వేరే అరలో ఉంటుంది. కత్తి దిగితే అరలు చిట్లి రెండూ కలుస్తాయి, గాలి తోడవుతుంది. అప్పుడు పుట్టే పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకుని నల్లటి పొరగా గట్టిపడతాయి. తోటలో పురుగు కొరికినా, బూజు దారం లోపలికి దూరినా మొక్క కట్టుకునే మొదటి కట్టు ఇలాంటిదే. నిమ్మరసంలోని పులుపు ఆ ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది. అందులోని విటమిన్ సి, అప్పటికే ఆక్సీకరణ చెందిన పదార్థాన్ని మళ్లీ పాత రూపానికి తిప్పేస్తుంది. అంటే వంటింట్లో విటమిన్ సి చేస్తున్న పని, మొక్క తన గాయానికి కట్టుకుంటున్న కట్టును ఎప్పటికప్పుడు విప్పేయడం.

ఈ సంగతి మనసులో పెట్టుకుని ఎరువుల దుకాణం మెట్లెక్కాలి. రాయగడ, గజపతి జిల్లాల దుకాణాల్లో సరుకు కొంత బరంపురం నుంచి వస్తుంది, కొంత పార్వతీపురం వైపు నుంచి సరిహద్దు దాటి వస్తుంది. సీసా మీది రాతలు ఒడియాలోనో హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటే, తెలుగు మాత్రమే చదవగలిగే రైతుకు దుకాణదారు నోటి మాటే లేబులు. "మొక్కకు ఇమ్యూనిటీ" అన్న మాట ఇప్పుడు ఆ బల్లల మీద బాగా చెలామణీలో ఉంది. మనిషి జలుబు చేస్తే నిమ్మరసం తాగుతాడు కాబట్టి మొక్కకు తెగులొస్తే విటమిన్ సి చల్లాలన్న తర్కం వినడానికి ఇంపుగానే ఉంటుంది. అది సగమే నిజం, ఆ సగం కూడా ఏ మొక్క, ఏ జబ్బు, ఏ దశ అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ముందుగా ఒక పొరపాటు తీసేయాలి. పులుపు వేరు, విటమిన్ సి వేరు. పులిసిన మజ్జిగ పిచికారీ చేస్తే మొక్కకు విటమిన్ సి అందుతుందని సంతల్లో చెప్పుకునే మాటకు ఆధారం లేదు. మజ్జిగ పులుపు లాక్టిక్ ఆమ్లానిది. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది, అందులో 100 గ్రాములకు విటమిన్ సి మూడు నాలుగు మిల్లీగ్రాములకు మించదు. నాలుకకు పులుపే తగలని మునగాకులో 100 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. కోరాపుట్ కొండల్లో అడవి నుంచి బుట్టలకెత్తే ఉసిరికాయలో ఇంకా ఎక్కువ.

మనిషి విటమిన్ సి ని తయారుచేసుకోలేడు. మొక్క ప్రతి పచ్చని కణంలోనూ చేసుకుంటుంది. అది ఏ దారిలో చేసుకుంటుందో మాత్రం చాలాకాలం తెలియలేదు. 1998లో బ్రిటన్‌లో స్మిర్నాఫ్, వీలర్, జోన్స్ ఆ దారిని గుర్తించారు: మానోజ్ అనే చక్కెరతో మొదలై, గెలాక్టోజ్ మీదుగా నడిచి, చివరి మెట్టు మైటోకాండ్రియా పొర మీద పూర్తవుతుంది. తయారైన దానిలో ఎక్కువ భాగం కణం లోపలే, హరితరేణువుల్లోనూ కణద్రవ్యంలోనూ ఉండిపోతుంది. కణాల బయట, గోడల సందుల్లో ఉండే తడిలోకి చేరేది మొత్తంలో పదో వంతు దాకా. జబ్బు కథంతా ఎక్కువగా నడిచేది ఆ పదో వంతు చుట్టూనే. శిలీంధ్రమైనా బాక్టీరియా అయినా మొదట అడుగుపెట్టేది ఆ సందుల్లోనే కదా.

కణకవచం అనగానే పాఠ్యపుస్తకంలోని గీత గుర్తొస్తుంది. దానికన్నా కొండ ఊళ్లలోని తడక గోడను తలచుకోవడం మేలు. చీల్చిన వెదురును అడ్డంగా నిలువుగా అల్లి, తాళ్లతో కట్టి, మీద మట్టి మెత్తుతారు. మొక్క గోడలో వెదురు బద్దలు సెల్యులోజ్ పోగులు. మెత్తిన మట్టి పెక్టిన్. తాళ్ల స్థానంలో ఉన్నవి కొన్ని ప్రోటీన్లు. వాటిలో పేరుపడ్డది ఎక్స్‌టెన్సిన్, ఆ పేరు 1960 దశకంలో లాంపోర్ట్ అనే శాస్త్రవేత్త పెట్టింది.

విటమిన్ సి మొదట ప్రవేశించేది ఈ తాళ్లు పేనే చోట. ఎక్స్‌టెన్సిన్‌లో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం వరసలు వరసలుగా ఉంటుంది. దానికి ఒక ఆక్సిజన్ తగిలించి హైడ్రాక్సీప్రోలీన్‌గా మారిస్తేనే చక్కెర గొలుసులు దాన్ని పట్టుకుంటాయి, తాడు నిటారుగా, పనికొచ్చేలా తయారవుతుంది. ఆ మార్పు చేసే ఎంజైమ్‌కు ఇనుము కావాలి. ఆ ఇనుము తుప్పు పట్టినట్టు మొద్దుబారిపోకుండా మళ్లీ మళ్లీ పనిలో పెట్టేది విటమిన్ సి. మనిషి ఒంట్లో కొల్లాజెన్ తయారీలోనూ ఇదే తరహా ఎంజైమ్, ఇదే ఇనుము, ఇదే విటమిన్. సముద్రయానాల్లో నావికులకు స్కర్వీ వచ్చి చిగుళ్లు చీకినట్టయి రక్తం కారింది కొల్లాజెన్ పేనే పని ఆగిపోయినందుకే. చిగురుకూ చిగుళ్లకూ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉందని మొదటిసారి చదివినవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆగాల్సిందే కూడా.

తాళ్లు ఉంటే చాలదు, ముడి పడాలి. జబ్బు సోకిన సంకేతం అందగానే కణం తన గోడ సందుల్లోకి హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది. గోడలోని పెరాక్సిడేజ్ ఎంజైమ్‌లు దాన్ని వాడుకుని ఒక తాడును ఇంకో తాడుకు రసాయనికంగా అంటుకడతాయి. 1992లో సోయాచిక్కుడు, చిక్కుడు కణాల మీద చేసిన ప్రయోగాల్లో ఇది నిమిషాల్లోనే జరిగిపోతుందని తేలింది. కొత్త ప్రోటీన్ తయారయ్యేదాకా కణం ఆగలేదు, గోడలో అప్పటికే ఉన్న తాళ్లకే ముళ్లు వేసుకుంది. అంతకు ముందే, 1970 దశకంలో, ఫ్రాన్స్‌లో ఖర్బూజా పాదుకు మచ్చతెగులు సోకించి చూస్తే కణకవచాల్లో హైడ్రాక్సీప్రోలీన్ బాగా పెరగడం కనిపించింది. తెగులు తగిలిన మొక్క తాళ్లు ఎక్కువ పేనుతోందన్నమాట.

ఇంతవరకూ చదివితే దుకాణదారు మాటే నెగ్గినట్టుంటుంది. వ్యవహారం ఇక్కడే అడ్డం తిరుగుతుంది. ముడి వేసే ఆ పెరాక్సిడేజ్ చర్యను ఆపేది కూడా విటమిన్ సి యే. గోడ గట్టిపడాలంటే, వంకాయలోని క్లోరోజెనిక్ ఆమ్లం లాంటి ఫినాల్ పదార్థాలు ఒక క్షణం పాటు చురుకైన రూపంలోకి మారి ఒకదానికొకటి అతుక్కోవాలి, లిగ్నిన్ అనే గట్టి పదార్థంగా పేరుకోవాలి. సందులోని తడిలో విటమిన్ సి ఉన్నంతసేపూ అది ఆ చురుకైన రూపాన్ని వెంటనే చల్లారుస్తుంది, వంకాయ ముక్క మీద చేసినట్టే. మట్టి మెత్తిన గోడ మీద ఎవరో నీళ్లు చిలకరిస్తూ కూర్చుంటే అది ఆరదు. పెరిగే కణానికి ఆ తడి కావాలి. ఆరిన గోడను సాగదీయలేం. చిగురు, వేరు కొస సాగుతున్నంతకాలం గోడ మెత్తగా ఉండాలి, ఆ తర్వాత చిలకరింపు ఆగాలి.

చిలకరింపును ఆపే ఎంజైమ్ ఒకటుంది, ఆస్కార్బేట్ ఆక్సిడేజ్. రాగిని పట్టుకుని, గోడ సందుల్లో ఉంటూ, విటమిన్ సి ని ఆక్సీకరించి పక్కన పెట్టేస్తుంది. గుమ్మడి, దోస జాతి పాదుల్లో ఇది విపరీతంగా ఉంటుంది. విటమిన్ సి ని 1928లో వేరుచేసి, 1937లో నోబెల్ అందుకున్న హంగరీ శాస్త్రవేత్త సెంట్ గ్యోర్గీ క్యాబేజీలో ఈ ఎంజైమ్ పనిని ఆ రోజుల్లోనే గమనించాడు. ఆ విటమిన్‌ను పెద్ద మొత్తంలో తీయడానికి ఆయనకు చివరికి దొరికింది హంగరీ ఊళ్ల మిరపకాయ అన్నది మన నాలుకకు నచ్చే విశేషం.

గోడ మీద విటమిన్ సి ఇంకో పని కూడా చేయగలదు, ఏకంగా కోయగలదు. సందుల్లో కాస్త రాగి, ఇనుము అయాన్లు ఉంటే విటమిన్ సి వాటితో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా దూకుడు పదార్థాన్ని పుట్టిస్తుంది. అది పెక్టిన్ గొలుసులను, సెల్యులోజ్‌ను పట్టి ఉంచే జైలోగ్లూకాన్ గొలుసులను తెంపుతుందని స్టీఫెన్ ఫ్రై అనే శాస్త్రవేత్త 1998లో చూపించాడు. పండు మెత్తబడటంలో దీనికి వాటా ఉందని చెబుతారు. పేనేదీ ఇదే, తడిపేదీ ఇదే, తెంపేదీ ఇదే. ఇలాంటి పదార్థాన్ని "బలం మందు" అని ఒక్క మాటలో తేల్చేయడం లెక్క తప్పడమే.

జబ్బుల మీద జరిగిన ప్రయోగాలను వరసగా చూస్తే ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. 1979లో ఇటలీలో అర్రిగోనీ, ఆయన సహచరులు టమాటాను తీసుకున్నారు. వేరు బుడిపెలు తెప్పించే నులిపురుగును తట్టుకునే రకం ఒకటి, తట్టుకోలేనిది ఒకటి. తట్టుకునే రకంలో లైకోరిన్ అనే పదార్థంతో విటమిన్ సి తయారీని అడ్డుకుంటే అది నులిపురుగుకు లొంగిపోయింది. లొంగే రకానికి విటమిన్ సి అందిస్తే అది నిలదొక్కుకుంది. హైడ్రాక్సీప్రోలీన్ తాళ్ల కథకు దీనికన్నా మంచి సాక్ష్యం కోరుకోలేం.

ఇరవై ముప్పై ఏళ్లకు ఇంకో సాక్ష్యం వచ్చింది, అది ఎదురు చెప్పింది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, విటమిన్ సి మామూలులో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే ఉండే ఉత్పరివర్తన (జన్యువు మారిన) రకాలు ఉన్నాయి. వాటికి జబ్బులు త్వరగా రావాలి. సూడోమోనాస్ బాక్టీరియానూ, బూజు తెగులునూ అంటిస్తే అవి మామూలు మొక్కలకన్నా మెరుగ్గా తట్టుకున్నాయి. విటమిన్ సి తగ్గడంతో వాటిలో మొక్క రక్షణను మేల్కొలిపే సాలిసిలిక్ ఆమ్లం పెరిగింది, రక్షణ ప్రోటీన్లు జబ్బు రాకముందే సిద్ధంగా ఉన్నాయి. అదే మొక్కలకు ఆల్టర్నేరియా శిలీంధ్రాన్ని అంటిస్తే మాత్రం ఎక్కువ దెబ్బతిన్నాయి. ఇక విటమిన్ సి బొత్తిగా చేసుకోలేని మొక్కలు బీజదళాలు విప్పి, తెల్లబోయి, అక్కడితో ఆగిపోయాయని 2007లో తేలింది. తక్కువుండటం వేరు, లేకపోవడం వేరు.

ఈ తికమకను విడదీసేది తెగులు తిండి అలవాటు. కొన్ని సూక్ష్మజీవులు బతికున్న కణం నుంచే పీల్చుకుంటాయి. వాటికి ఎదురుగా మొక్క చేసే గట్టి పని, సోకిన చోట కణాలను తానే చంపుకుని, చుట్టూ గోడలు బిగించి, చొరబడినదాన్ని ఆకలితో మాడ్చడం. అందుకు పెరాక్సైడ్ మంట కావాలి. విటమిన్ సి ఆ మంట మీద నీళ్లు చల్లుతుంది, కాబట్టి అది తక్కువున్న మొక్క నెగ్గింది. ఇంకొన్ని సూక్ష్మజీవులు కణాన్ని ముందు చంపి తర్వాత తింటాయి. వాటి ముందు కణాలను చంపుకోవడమంటే వడ్డించి పెట్టడమే. అక్కడ విటమిన్ సి ఉండి మంటను అదుపులో పెడితేనే మేలు.

ఒడిశా సరిహద్దు పొలాల్లో ఈ రెండు తరహాలూ పక్కపక్కనే ఉంటాయి. సారం లేని మెరక పొలాల్లో వరిని పట్టే గోధుమ మచ్చ తెగులు రెండో తరహా. 1942లో బెంగాల్‌ను ముంచింది ఇదే. ఆ మరుసటి ఏటి కరువుకు యుద్ధమూ పాలనా ఎంత కారణమైనా, ఈ తెగులు వాటా కూడా చరిత్రలో నమోదైంది. కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ 1946లో పుట్టడానికి నేపథ్యం ఆ కరువే. అగ్గితెగులు మధ్యరకం: కొన్నాళ్లు బతికున్న కణంలో నక్కి ఉంటుంది, తర్వాత చంపి తింటుంది. ఒకే పొలంలో, ఒకే వారంలో, ఒకే ఆకు మీద రెండూ కనిపించినప్పుడు ఆకులో విటమిన్ సి పెంచాలా తగ్గించాలా అన్న ప్రశ్నకు సీసా దగ్గర జవాబుండదు.

వరి విషయంలో ఇంకో మెలిక ఉంది. మెరక మడుల్లో వెద చల్లిన వరి నెల తిరగకముందే అక్కడక్కడా పసుపు పచ్చగా, గిడసబారి కనిపిస్తుంది. చాలామంది నత్రజని చాల్లేదనుకుని యూరియా చల్లుతారు. అలాంటి మొక్కను ఒకటి మట్టితో సహా పెళ్లగించి, కాలువ నీళ్లలో మెల్లగా జాడించి చూడాలి. వేళ్ల కొసలు ఉబ్బి, గాలం కొక్కెంలా వంకర తిరిగి ఉంటే అది వరి వేరుముడి నులిపురుగు. ఈ పురుగు మీదే బెల్జియం ఘెంట్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన 2020లో వెలువడింది. వరి ఆకుల మీద విటమిన్ సి ని కాకుండా, విటమిన్ సి ని ఆక్సీకరించే ఆ ఎంజైమ్‌నే పిచికారీ చేశారు. ఆకు మీద చల్లితే కింద వేళ్లలో నులిపురుగు తగ్గింది. ఆక్సీకరణ చెందిన విటమిన్ సి నే చల్లినా వేళ్లు తట్టుకున్నాయని తర్వాతి పరిశోధన చూపింది. గోడ సందుల్లో విటమిన్ సి ఖర్చైపోవడమే మొక్కకు "ఎవరో వచ్చారు" అన్న కబురుగా పనిచేసిందన్నమాట. 1979 టమాటా దగ్గర నిండుగా ఉండటం గెలిపించింది, 2020 వరి దగ్గర ఖర్చవడం గెలిపించింది. దీన్నీ సూత్రం చేసుకోవడానికి లేదు: పొగాకులో అదే ఎంజైమ్‌ను జన్యుపరంగా పెంచితే, సందులు ఎప్పుడూ ఆక్సీకరణ స్థితిలోనే ఉండిపోయి, మొక్క సూడోమోనాస్‌కు ఇంకా తేలిగ్గా దొరికిపోయింది. గంట ఆపకుండా మోగుతుంటే తలుపు తీసేవాళ్లుండరు.

ఖర్చైన విటమిన్ సి ఏమవుతుందన్నది పక్కదారే అయినా వదలబుద్ధి కాదు. అది గోడ సందుల్లోనే విరిగి ఆక్సాలిక్ ఆమ్లంగా మారగలదని 2005లో గ్రీన్, ఫ్రై చూపించారు. కాల్షియంతో కలిస్తే ఈ ఆక్సాలేటే సూదుల్లాంటి స్ఫటికాలవుతుంది. చేమదుంప, కంద సరిగ్గా ఉడక్కపోతే గొంతులో గుచ్చేవి అలాంటి సూదులే. చేమ కుటుంబానికే చెందిన నీటి మొక్క అంతరతామరలో ఆ సూదుల ఆక్సాలేట్ విటమిన్ సి నుంచే వస్తుందని నిరూపణ అయింది. చింతపండు పులుసులో చేమదుంప ఉడికించే అత్తగారికి ఈ రసాయనం పేరు తెలియకపోయినా దాని కాటు తెలుసు.

మళ్లీ సీసా దగ్గరికి వద్దాం. 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో బయోస్టిమ్యులెంట్లు (మొక్కకు ఊతమిచ్చే పదార్థాలు) అనే తరగతిని చేర్చింది. విటమిన్లు, యాంటీ ఆక్సిడెంట్లు అందులో ఉన్నాయి. పురుగుమందుల చట్టం కిందికి వచ్చేవి అందులో లేవు. అంటే ఆ తరగతిలో అమ్మే సరుకు ఎండనో నీటి ఎద్దడినో తట్టుకోవడానికి సాయపడుతుందని చెప్పుకోవచ్చు, తెగులు మందునని చెప్పుకోకూడదు. విటమిన్ సి పిచికారీతో ఉప్పు నేలల్లో, నీటి ఎద్దడిలో మొక్క కొంత తేరుకున్న ఫలితాలు ప్రయోగాల్లో ఉన్నాయి, వాటిని కొట్టిపారేయనక్కర్లేదు. కానీ ఆ పొడి నీళ్లలో పడ్డాక ఎంతసేపు బతుకుతుందన్నది ఎవరూ అడగని ప్రశ్న. వెలుతురులో, గాలిలో, క్షారగుణం ఉన్న బోరు నీటిలో అది త్వరగా పాడవుతుంది. అన్నిటికన్నా దాన్ని తొందరగా చంపేది రాగి. సంతకు వెళ్లే తొందరలో రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని విటమిన్ సి నీ, రాగి ఉన్న తెగులు మందులైన కాపర్ ఆక్సీక్లోరైడ్‌నో బోర్డో మిశ్రమాన్నో ఒకే ట్యాంకులో కలిపితే, మడి చేరేలోపే విటమిన్‌లో చాలా భాగం ఖర్చైపోయి ఉంటుంది. కొన్నదానికి డబ్బు పోవడం ఒకటి, ఆ కలయికలో పుట్టే పెరాక్సైడ్ లేత ఆకును మాడ్చే ప్రమాదం ఇంకొకటి.

మొక్క తన విటమిన్ సి ని తానే చేసుకోగలిగినప్పుడు, ఆ తయారీని చెడగొట్టకుండా ఉండటమే చవకైన దారి. దానికి ఎండ కావాలి. నీడ ఆకులోకన్నా ఎండ తగిలిన ఆకులో విటమిన్ సి ఎక్కువ. నత్రజని మోతాదు మించితే చాలా కూరగాయల్లో, పండ్లలో విటమిన్ సి తగ్గుతుందని ఎప్పటినుంచో తెలుసు. మితిమీరిన యూరియా వరిలో అగ్గితెగులును రేపుతుందన్నదీ రైతులకు కొత్త కాదు. ఉభాలు దగ్గర దగ్గరగా వేసి, పైన యూరియా దట్టించిన మడిలో ఆకు ఆకుకు నీడ. పసుపు మచ్చ కనిపించగానే వేరు చూడకుండా యూరియా పోసిన మడి సంగతి పైన చెప్పుకున్నదే.

గోడ గట్టిపడటమే కావాలనుకుంటే వరికి విటమిన్ సి కన్నా సిలికా ఎక్కువ అక్కరకొస్తుంది. వరి నేల నుంచి సిలికాను లాగి ఆకు పైపొర కింద పలకలా పరుచుకుంటుంది, శిలీంధ్రపు మొలక దాన్ని పొడుచుకుని లోపలికి దిగలేక ఇబ్బంది పడుతుంది. కోతల తర్వాత గడ్డీ ఊకా పొలం దాటిపోతే ఆ సిలికా కూడా పోతుంది. ఊక బూడిదలో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా సిలికానే. బూడిదకు క్షారగుణం ఉంటుంది కాబట్టి లేత నారు మీద కుమ్మరించకూడదు, దుక్కిలో పలచగా వేసి కలియదున్నాలి. అది రైసుమిల్లుల వెనక గుట్టలుగా పడి ఉంటుంది, వానొస్తే కారి కాలువలో కలుస్తుంది. దాని మీద ఏ భాషలోనూ లేబులు ఉండదు.